వెనక్కి జరిపిన బరువు

మార్చి 4

బండి తాళంచెవిని సూపర్వైజరు బల్లమీద పెట్టేసి వచ్చాను. విసిరేశానని చెప్పుకుంటున్నాడట. విసరలేదు, పెట్టాను. కాస్త చప్పుడయ్యేలా పెట్టాను, అంతే.

లారీని అమ్మేసిన రోజే అడిగాను, ఇక పెద్ద జనరేటర్ని దేనితో లాగుతారని. "చూద్దాంలెండి ప్లీడరుగారూ" అన్నాడు. జనరేటర్లు అద్దెకిచ్చే ఈ షెడ్డులో నాకదే పేరు. కార్మిక సంఘం కార్యదర్శినని మర్యాదకి అంటున్నారని మొదట్లో అనుకునేవాణ్ణి.

ఇవాళ చూపించాడు. కూరగాయల బుట్టలు మోసుకు తిరగాల్సిన చిన్న పికప్ ఒకటి కొన్నారు. దాని వెనక ఒక కొక్కెం వెల్డింగ్ చేయించారు. శీతల గిడ్డంగికి పోవాల్సిన పెద్ద జనరేటరు ట్రెయిలర్ని తెచ్చి ఆ కొక్కానికి తగిలించారు. తగిలించగానే పికప్ వెనక భాగం చతికిలబడింది. ముందు చక్రాలు నేలని తాకీ తాకనట్టు ఉన్నాయి. హెడ్‌లైట్లు రెండూ షెడ్డు కప్పుని చూస్తున్నాయి.

"ఇది వెళ్ళదు" అన్నాను.

"ఎందుకు వెళ్ళదు? ఇంజను కొత్తది, లాగుతుంది."

"నేను లాగడం గురించి మాట్లాడ్డం లేదు. ఆపడం గురించి. ట్రెయిలరుకి సొంత బ్రేకుల్లేవు. లాగే బండికంటే వెనకున్నది బరువు. దిగుడులో ఎవరు ఎవర్ని నడిపిస్తారు?"

సూపర్వైజరు గడ్డం గోక్కున్నాడు. యజమాని ఫోన్లో ఏం చెప్పినా "అలాగే సార్" అనడం తప్ప వేరే మాట రాని మనిషి. కానీ ఉపాయాలకి మాత్రం కొదవ లేదు. జనరేటరు బోల్టులు విప్పించాడు. జాకీలు పెట్టించి దాన్ని ట్రెయిలరు వెనక అంచుకి జరిపించాడు. డీజిలు పీపాల్నీ కేబుల్ చుట్టల్నీ కూడా వెనక్కే తోయించాడు. పికప్ నడుం మెల్లగా పైకి లేచింది, ఎవరో చెయ్యందించి లేపినట్టు. తాపీపనివాళ్ళ దగ్గర రసమట్టం ఒకటి అడిగి తెచ్చి బండి తొట్టిమీద పెట్టాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది.

"చూశారా? మట్టంగా ఉంది. తనిఖీవాళ్ళు కూడా ఆపరు."

అసలు సంగతి ఆ రెండో మాట. తనిఖీవాళ్ళు రోడ్డు పక్కన నిలబడి చూసేది వాలుని. చతికిలబడ్డ బండిని ఆపుతారు, మట్టంగా ఉన్నదాన్ని పొమ్మంటారు. బరువు ఎక్కడికీ పోలేదు, కంటికి ఆనకుండా దాక్కుంది. ట్రెయిలరు బరువు కాస్త ముందుకి ఉండాలి, కొక్కెం మీద కూర్చోవాలి. వెనక్కి జరిపితే ముక్కు పైకి లేచి కొక్కాన్ని ఎత్తేస్తుంది, పికప్ వెనక చక్రాలకి నేలమీద పట్టు పోతుంది. నిలబెట్టినంతసేపూ చూడముచ్చటగా ఉంటుంది. వేగం అందుకున్నాక తోక ఆడించడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలుపెడితే ప్రతి ఊపూ అంతకుముందు దానికంటే పెద్దది.

ఇదంతా చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను.

"మీకు భయమైతే ఇంట్లో కూర్చోండి."

తాళంచెవి బల్లమీద పెట్టింది అప్పుడు. దాన్ని అందుకోవడానికి ఒక చెయ్యి ముందుకొచ్చింది. ఆ చెయ్యి ఎవరిదో తలెత్తి చూడక్కర్లేదు. దానికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నేనే. నా భార్య తమ్ముడు.

మార్చి 5

క్షేమంగా తిరిగొచ్చాడు.

నన్ను షెడ్డు పనిలోకి మార్చారు. చిన్న జనరేటర్లకి ఆయిలు మార్చాలట. మారుస్తాను. నాకేం సిగ్గు.

మార్చి 7

నా భార్య ఆసుపత్రి లాండ్రీలో పని ముగించుకుని వచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"తమ్ముడితో మాట్లాడ్డం మానేశారట."

"వాడే మానేశాడు."

"పొద్దున మెట్లమీద ఎదురుపడితే మొహం తిప్పుకున్నారట."

"గడియారం చూసుకున్నాను."

"మీ చేతికి గడియారం లేదు."

పై వాటాలో ఉంటాడు వాడు. పెళ్ళి కాలేదు, భోజనం మాతోనే. మా అత్తగారు పోయాక ఆమె వాణ్ణి కొడుకులాగే పెంచింది. నేనూ పెంచాను. ఆ మాట ఎవరూ అనరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

భోజనాల దగ్గర వాడే కదిలించాడు.

"బావా, ఈ వేసవి గడిస్తే పర్మినెంటు చేస్తామన్నారు. ఎన్నేళ్ళని ఇలా రోజువారీ చెయ్యను?"

"చేస్తారు. మార్చురీ బల్లమీద పర్మినెంటుగా పడుకోబెడతారు."

"చూడక్కా, ఎలా మాట్లాడుతున్నాడో."

"నేను వదిలేసింది పని కాదురా. ప్రమాదం."

"మరి ఆ ప్రమాదంలోకి వాణ్ణి ఎందుకు ఎక్కనిచ్చారు?" అంది ఆమె. అంటూనే నా కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది.

ఎక్కనివ్వడమేమిటి? వాడేమైనా చంటివాడా? ఒక మనిషి నిరాకరిస్తే ఆ నిరాకరణకి విలువ ఎప్పుడొస్తుంది? పక్కవాడు కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు. పక్కవాడే చెయ్యి చాపితే, నిరాకరించినవాడు ఉత్త పిరికివాడు, చాపినవాడు వీరుడు. యజమానికి ఇద్దరిలో ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు. పని ఇచ్చేవాడి బలమంతా ఇక్కడే ఉంది, మనింట్లో, మన కంచాల మధ్య. ఇది ఆమెకి చెప్పాలనుకున్నాను. గిన్నెలు కడగడానికి లేచిపోయింది.

మార్చి 12

సంఘం గోడపత్రిక నేనే రాశాను. బాగా వచ్చింది. ముఖ్యమైన భాగం ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను, వాళ్ళు చించేస్తే పోతుంది.

"ఈ షెడ్డులో ఒక కొత్త శాస్త్రం పుట్టింది. బరువుని తగ్గించనక్కర్లేదు, కనిపించకుండా జరిపితే చాలు. ఇది జనరేటర్లకే పరిమితం కాదు. పనిగంటలు తగ్గించరు, హాజరుపట్టీలో మరో గడిలోకి జరుపుతారు. గాయాలు తగ్గించరు, 'సెలవు' అన్న చోటికి జరుపుతారు. పైనుంచి చూసేవాడికి అంతా మట్టంగా ఉంటుంది. ఆ మట్టాన్ని కొలిచేవాడి చేతిలో ఉన్నది రసమట్టం. మోసేవాడి నడుంమీద పెట్టడానికి మాత్రం ఇంతవరకూ ఏ కొలబద్దా లేదు."

మధ్యాహ్నం కొంతమంది ఆగి చదివారు. ఒకడు బిగ్గరగా చదివి వినిపించాడు కూడా. చివర్న అడిగాడు:

"అంతా బాగుంది ప్లీడరుగారూ, మరి బండి ఇంకా బోల్తా పడలేదేం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 16

వచ్చాడు.

మార్చి 19

వచ్చాడు. ఈల వేసుకుంటూ వచ్చాడు.

మార్చి 20

సంతోషమే. సంతోషం కాక మరేమిటి? వాడు వచ్చినప్పుడల్లా రాసుకుంటున్నాను, అంతకంటే రుజువేం కావాలి? గేటు దగ్గర హారను వినబడగానే చేతిలో పని ఆపి చూస్తున్నాను. సూపర్వైజరు నన్ను చూసి కన్ను గీటుతున్నాడు. వాడికేం తెలుసు.

మార్చి 24

సాయంత్రం మెట్లమీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. నేను నీళ్ళ మోటారు ఆపడానికి వెళ్తున్నాను. ఒక కాలు ముడుచుకుని దారిచ్చాడు. నేను దాటాక, నాతో కాదన్నట్టు, బూటుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"క్వారీ దిగుడులో కాస్త తోక ఆడిస్తోంది బావా."

ఆగాను.

"ఆడించదూ మరి?"

"కొంచెమే. దానంతటదే సర్దుకుంది."

"ఎందుకు ఆడిస్తుంది? మట్టంగా ఉందిగా. రసమట్టం పెట్టి మరీ చూశారుగా."

వాడు తలెత్తి నాకేసి చూశాడు. తర్వాత నవ్వాడు. "అవున్లే" అని బూట్లు చేత్తో పట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

వాడు అడగలేదు. ఊరికే చెప్పాడు. అడగడం వేరు, చెప్పడం వేరు.

మార్చి 25

మెట్లమీద మాటలు వంటింట్లోకి వినబడ్డాయట.

"తోక ఆడిస్తే ఏం చెయ్యాలో మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"ఏం చెయ్యాలి?"

చెప్పాను. బ్రేకు తొక్కకూడదు. తొక్కితే ముందు బండి ఆగుతుంది, వెనకది ఆగదు, చుట్టూ తిరిగి వచ్చి మీద పడుతుంది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేయాలి. స్టీరింగుని తిప్పి సరిచేయబోకూడదు, నిటారుగా గట్టిగా పట్టుకోవాలి. వేగం తగ్గేదాకా గుండె చిక్కబట్టుకుని ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం, కాలు దానంతటదే బ్రేకు మీదకి పోతుంది. దిగుడైతే మొదలవకముందే గేరు తగ్గించి మెల్లగా దిగాలి.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఈ నాలుగు ముక్కలూ వాడికి చెప్పిరండి."

చెప్పనన్నాను. ఎందుకు చెప్పనో కూడా చెప్పాను. ఆ బండి ఆ బరువుతో రోడ్డెక్కకూడదు, ఇది నా మాట, సంఘం మాట. ఎక్కకూడనిదాన్ని ఎలా నడపాలో నేనే కూర్చోబెట్టి నేర్పితే రేపు సూపర్వైజరు ఏమంటాడు? "ప్లీడరుగారే నేర్పించారు సార్, నేర్పుంటే నడపొచ్చట" అంటాడు. తప్పుని క్షేమంగా చేసే పద్ధతి కనిపెట్టి ఇచ్చిన రోజు ఆ తప్పుకి మనం కూడా సంతకం పెట్టినట్టే. చరిత్రంతా ఇదే. ఊపిరాడని గనిలో దింపుతారు, దిగేవాడికి ఊపిరి బిగబట్టడం నేర్పుతారు. ఆ నేర్పేవాడు ఎప్పుడూ మంచివాడే. జాలిగలవాడే. గని అతని జాలి వల్లే మూతపడకుండా నడుస్తుంది.

ఆమె చివరిదాకా వింది. విని, "మీరు సంఘానికి చెప్పండి, గోడకి చెప్పండి, నాకు చెప్పండి. వాడికి మాత్రం చెప్పకండి" అంది.

"నువ్వు చెప్పు."

"నేను చెబితే వింటాడా? నాకు సైకిలు కూడా రాదు. మీరు చెబితేనే వింటాడు, మీకూ తెలుసు."

"అడగమను, చెబుతాను. నోరు తెరిచి అడిగినవాడికి చెప్పనన్నానా ఎప్పుడైనా?"

మార్చి 26

అడగలేదు.

మార్చి 27

ఆమె చెప్పిందట. "బావ మాట్లాడతానంటున్నాడు, ఒకసారి అడుగు" అందట. "మళ్ళీ క్లాసు పీకించుకోవాలా అక్కా" అన్నాడట.

క్లాసు పీకడమట.

మార్చి 29

సరే. రేపు ఆదివారం. తీరిగ్గా కూర్చోబెట్టి చెబుతాను. సంఘం వేరు, ఇల్లు వేరు. చెప్పినంతమాత్రాన నా వాదన ఎక్కడికీ పోదు. ముందు ఆ బండి నడపడం తప్పని ఒప్పుకోమంటాను, తర్వాత మిగతాది.

మార్చి 30

పైకి వెళ్ళాను. తాళం వేసి ఉంది. ఆదివారం కూడా పంపారు. ఆదివారం పని గురించి సంఘం తరఫున ఒక ఫిర్యాదు రాశాను, రెండు పేజీలు.

ఏప్రిల్ 2

బతికాడు.

క్వారీ దిగుడులో ఒక బస్సు దాటిపోయింది. ఆ గాలికి ట్రెయిలరు ఊగింది. బస్సు కండక్టరు వెనక అద్దంలోంచి చూశాడట, బండి రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి పోతోందట, తర్వాత పికప్ వెనక ఎర్రదీపాలు వెలిగాయట. ఎర్రదీపాలు వెలిగిన తర్వాత ట్రెయిలరు పక్కనుంచి ముందుకొచ్చేసిందట. పికప్ పిట్టగోడకి ఆనుకుని పడింది. ట్రెయిలరు దానిమీద. జనరేటరు మాత్రం తెగిపోయి దూరంగా దొర్లిపోయింది, లేకపోతే బతికేవాడు కాదన్నారు.

కుడికాలు మోకాలి కింద తీసేశారు.

నేను చెప్పినట్టే జరిగింది.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. నిజమే కదా, ఉంచుతున్నాను.

ఏప్రిల్ 5

పని ఆగిపోయింది. ఒక్క బండి కూడా గేటు దాటలేదు. నన్ను చూసి నవ్వినవాళ్ళే నన్ను ఎత్తుగా ఉన్న సిమెంటు దిమ్మ ఎక్కించారు. మాట్లాడాను. చేతిలో ఆ రసమట్టం పట్టుకుని మాట్లాడాను. "ఇదిగో, బుడగ ఇప్పటికీ మధ్యలోనే ఉంది" అన్నప్పుడు ఎవరూ దగ్గలేదు కూడా. అంత నిశ్శబ్దం నా మాటలకి ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నానికి యజమాని దిగొచ్చాడు. పెద్ద జనరేటర్లకి ఇకనుంచి అద్దె లారీ. షెడ్డుకి తెచ్చి పడేసిన పికప్ కొక్కాన్ని మా ఎదురుగానే కోయించాడు. నిప్పురవ్వలు లేస్తుంటే చప్పట్లు కొట్టారు.

గెలిచాం. ఇంటికొచ్చి ఆమెకి చెప్పాలని చూశాను. ఆసుపత్రిలోనే ఉండిపోయిందట.

ఏప్రిల్ 9

వార్డులో చివరి మంచం. ఆమె పండు కోస్తోంది. వాడు గోడవైపు తిరిగి ఉన్నాడు. నన్ను చూసి ఇటు తిరిగాడు. దుప్పటి కింద ఒకవైపు చదునుగా ఉంది. అటు చూడకూడదనుకున్నాను, చూశాను.

"గెలిచారట కదా బావా."

"నీకోసమేరా."

"మంచిది." దిండుమీద తల సర్దుకుని అన్నాడు, "ఊగగానే బ్రేకు మీద నిలబడ్డాను. పక్క మంచం లారీ డ్రైవరు అంటున్నాడు, అసలు బ్రేకే వేయకూడదట. నిజమా?"

చాకు ఆగింది.

"ఆ బరువుకి ఏం చేసినా అంతేరా" అన్నాను.

అది అబద్ధం కాదు. ఆ బరువు, ఆ దిగుడు, బస్సు గాలి, ఎవరు చెప్పగలరు? చేయి తిరిగిన డ్రైవర్లు కూడా పోయినవాళ్ళున్నారు. మూల కారణం బరువు. వాడి మంచం దగ్గర నిలబడి మూల కారణం చెప్పడం తప్పా?

ఆమె పండు ముక్కలన్నీ వాడికే పెట్టింది. ఒక్కటీ నావైపు చాపలేదు. ఆకలి కూడా లేదు నాకు.

ఏప్రిల్ 15

యజమాని అసలు రంగు బయటపడింది. ప్రమాదానికి డ్రైవరు నిర్లక్ష్యమే కారణమంటున్నాడు. బ్రేకు తప్పుగా వేశాడట. రవాణా శాఖ విచారణ వచ్చే వారం. అక్కడ డ్రైవరు తప్పని తేలితే లైసెన్సు పోతుంది, షెడ్డులోంచి కూడా పంపేస్తారు. యజమాని తప్పని తేలితే వాణ్ణి ఉంచుకోక తప్పదు. ఫోన్లు తీసే బల్ల దగ్గర కూర్చుని చేసే పని ఇవ్వాలి, అదీ పర్మినెంటుగా. ఒంటికాలి మనిషికి ఈ ఊళ్ళో మరొకడు పనివ్వడు. వాడి బతుకంతా ఆ కుర్చీ మీద ఆధారపడి ఉంది.

వాడి తరఫున మాట్లాడేది నేనే. నిబంధనలు తిరగేశాను. దొరికింది. ట్రెయిలరు లాగే పనిమీద పంపేముందు డ్రైవరుకి ఆ పని నేర్పించి తీరాలి, నేర్పించకుండా పంపితే పూచీ పంపినవాడిదే. ఇంకేం కావాలి? ఒక్క ప్రశ్నతో అయిపోతుంది: ఊగితే ఏం చెయ్యాలో ఈ మనిషికి ఎవరైనా చెప్పారా?

చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. వాదన ఇంత గట్టిగా నాకెప్పుడూ దొరకలేదు.

ఏప్రిల్ 21

ఆమెకి వాదన వినిపించాను. "ఎవరూ చెప్పలేదా?" అంది.

"యాజమాన్యం తరఫున ఎవరూ చెప్పలేదు."

"అలాగా" అంది. దుప్పట్లు మడతపెడుతోంది. ఆసుపత్రి అలవాటు, ఇంట్లో దుప్పటి కూడా అంచుకి అంచు కలిపి మడుస్తుంది.

ఏప్రిల్ 22

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చిన్న గది. పొడవాటి బల్ల, దాని వెనక విచారణాధికారి. దగ్గు, కళ్ళజోడు, ఎవరిమీదా కోపం లేని మొహం. ఒకవైపు యజమాని, సూపర్వైజరు. ఇటువైపు చక్రాల కుర్చీలో వాడు, పక్కన నేను. గోడ దగ్గర బెంచీమీద ఆమె.

బరువు గురించి చెప్పాను. వెనక్కి జరపడం గురించి చెప్పాను. అధికారి రాసుకున్నాడు. నాకు అనుకూలంగానే నడుస్తోంది, సూపర్వైజరు చెమట తుడుచుకుంటున్నాడు. చివర్న లేచి నిలబడి నా ప్రశ్న వేశాను: "ట్రెయిలరు ఊగితే ఏం చెయ్యాలో ఈయనకి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?"

అధికారి కళ్ళజోడు తీశాడు.

"మంచి ప్రశ్న. కానీ ఒక్క సందేహం. మీరు ఇన్నేళ్ళ డ్రైవరు. ఈయన మీ ఇంట్లోనే ఉంటాడు. ప్రమాదం తప్పదని గోడమీద కూడా రాశారు. మరి మీరు చెప్పలేదా?"

అందరూ నావైపు తిరిగారు. ఆమె తిరగలేదు, తమ్ముణ్ణి చూస్తోంది. నేను నోరు తెరిచాను. ఏం చెబుదామని తెరిచానో ఇప్పటికీ తెలియదు. ఈలోగా వాడు అందుకున్నాడు.

"చెప్పాడండీ. మా బావ చెప్పాడు. బ్రేకు తొక్కొద్దు, స్టీరింగు నిటారుగా పట్టుకో అని చెప్పాడు. సమయానికి నాకే గుర్తురాలేదు."

చెప్పి ఆమె వైపు చూశాడు. నావైపు చూడలేదు. వాళ్ళక్క ముందు నన్ను కాపాడుతున్నాడు వాడు. ఆ ఒక్క మాటతో తనకి రావాల్సిన ఆ ఫోన్ల బల్ల కుర్చీని నాకోసం ఇచ్చేస్తున్నానని వాడికి తెలుసో లేదో. తెలిసే ఉంటుంది.

"విన్నారు కదా సార్" అన్నాడు సూపర్వైజరు. "డ్రైవరుకి అన్నీ తెలుసు."

"చెప్పలేదు" అన్నాను.

మళ్ళీ అన్నాను. "నేను చెప్పలేదు. వాడు అబద్ధం చెబుతున్నాడు. మెట్లమీద కూర్చుని, తోక ఆడిస్తోంది బావా అన్నాడు. వెటకారం చేసి పంపాను. ఇంట్లో చెప్పమంటే చెప్పనన్నాను. నాకు తెలుసు, చెప్పలేదు."

యజమాని నవ్వాడు. పెద్దగా కాదు, మర్యాదగా. "బావమరిది కదా సార్. సహజం."

"సహజం కాదు, నిజం. ఏ ప్రమాణమైనా చేస్తాను."

అధికారి చెయ్యెత్తి ఆపాడు. కోపంగా కాదు. నామీద గౌరవంతోనే.

"చూడండి, మీరు వాదనలో దిట్ట అని విన్నాను. ఇంటివాడి ఉద్యోగం కోసం తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారు. మీ మంచితనం నాకు అర్థమైంది. కానీ దారినపోయేవాడికి కూడా కనబడేలా గోడంతా నింపినవారు, ఇంట్లో కుర్రాడికి ఒక్కమాట చెప్పలేదంటే నేనెలా నమ్మను? ఎవరు నమ్ముతారు?"

దాదాపు ముప్పయ్యేళ్ళుగా మాట్లాడుతున్నాను. నా మాట నమ్మనివాళ్ళతో వాదించాను, అరిచాను, నమ్మించాను. ఇవాళ నా దగ్గర వాదన లేదు. జరిగింది మాత్రమే ఉంది. దాన్ని ఎలా నమ్మించాలో నాకు తెలియలేదు. "నిజమండీ" అన్నాను. మళ్ళీ "నిజమండీ" అన్నాను. పక్కనుంచి వాడు నా చొక్కా అంచు పట్టుకుని లాగాడు, "ఊరుకో బావా" అన్నాడు.

డ్రైవరు నిర్లక్ష్యం. లైసెన్సు రద్దు. ట్రెయిలరు బరువు గురించి యాజమాన్యానికి ఒక హెచ్చరిక.

ఆ గదిలో నన్ను నమ్మింది ఒక్క మనిషి. ఆమె బెంచీమీద నుంచి లేచి వచ్చింది. చక్రాల కుర్చీ పిడులు పట్టుకుంది. నేను ముందు వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆమె తలుపు దగ్గర ఆగింది. నేను తలుపు వదిలి పక్కకి తప్పుకునేదాకా అలాగే నిలబడింది. తర్వాత తనే భుజంతో తలుపు నెట్టుకుని వాణ్ణి బయటికి తీసుకెళ్ళింది.

ఏప్రిల్ 24

షెడ్డు నుంచి వచ్చేసరికి కింద గదిలో నా మంచం లేదు. ఆ చోట వాడి మంచం ఉంది. మెట్లెక్కి చూస్తే నా బట్టలు, పుస్తకాలు, గోడపత్రికల కట్టలు పై వాటాకి చేర్చి ఉన్నాయి. బట్టలన్నీ అంచుకి అంచు కలిపి మడిచి ఉన్నాయి.

"వాడు మెట్లెక్కలేడు కదా" అంది కిందనుంచి. కోపం లేదు గొంతులో. "రాత్రిళ్ళు లేవాల్సొస్తే నేను దగ్గరుండాలి. మీకు భోజనం పైకి పంపిస్తాను."

ఆమె చెప్పింది సబబే. వాడు మెట్లెక్కలేడు. కాదనడానికి ఏం దొరుకుతుందా అని చాలాసేపు చూశాను.

ఏప్రిల్ 25

కంచం మూతపెట్టి మెట్టుమీద ఉంచారు.